మార్పు పక్కన గీత

కొట్టివేత కనబడాలి. కర్నూలులో ఒక పాలిటెక్నిక్‌లో యంత్రశాస్త్రం బోధించిన కాలమంతా ఈ ఒక్క నియమం విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. లెక్క తప్పితే దాని మీద ఒకే ఒక గీత గీయాలి; గీత కింద ఉన్న అంకె చదవడానికి వీలుగా మిగలాలి; పక్కన సరైన అంకె వేసి పొడి అక్షరాలలో సంతకం పెట్టాలి. రబ్బరుతో చెరిపి తెచ్చిన పుస్తకాన్ని నేను దిద్దేదాన్ని కాదు.

"నీట్‌గా ఉంటాదని చెరిపినాం మేడం," అనేవారు పిల్లలు.

"ఆ శుభ్రం ఇల్లు ఊడ్చేటప్పుడు చూపించు నాయనా. లెక్కలో నీవు ఎక్కడ పడ్డావో నాకు తెలియాలి," అనేదాన్ని.

నన్ను రాక్షసి అనుకునేవారని నాకు తెలుసు. అనుకోనీ అని ఊరుకున్నాను.

పదవీ విరమణ తరువాత, గ్రామాలకు తాగునీటి పథకాలను కాంట్రాక్టు మీద నడిపే ఒక కంపెనీ నన్ను పిలిచింది. ప్రధాన కార్యాలయం కడపలో, శాఖ కర్నూలులో. పంపు గదులలో పనిచేసే ఆపరేటర్ల కోసం మాన్యువళ్ళు రాయించి, సరిచూసి, కాలానుగుణంగా మార్చి పంపడం నా పని. యంత్రాలు మారుతుంటాయి, గొట్టాల దారులు మారుతుంటాయి. వాటితో పాటు మాన్యువలూ మారాలి. మారిన సంగతి దాన్ని చదివేవాడికి తెలియాలి. ఉద్యోగంలో చేరిన నాడు నేను పెట్టిన షరతు ఇదొక్కటే.

ఇప్పటి మాన్యువల్ వెనకటిలాగా టైపు కొట్టిన కాగితం కాదు. అందులోని ప్రతి పేరాకూ కంప్యూటరు లోపల ఒక గుర్తింపు ఉంటుంది: ఇది హెచ్చరిక, ఇది చేయవలసిన పని, ఇది కొలత అని. పేరాను మార్చినప్పుడు ఏ కూర్పులో మార్చామో, ఎందుకు మార్చామో ఆ వివరం కూడా ఆ పేరాకే కట్టుబడి ఉంటుంది. అయితే ఆ వివరం కాగితం మీద కనబడాలా వద్దా అన్నది వేరే నిర్ణయం. పుట్టింది మొదలు జరిగిన మార్పులన్నీ చూపవచ్చు. చివరి కూర్పులోని మార్పులు మాత్రమే చూపవచ్చు. ఏదీ చూపకుండా ఉండనూ వచ్చు. పత్రం ఒకటే, చూపే తీరు వేరు. ఒక సెట్టింగు మారిస్తే సరిపోతుంది.

నేను ఆ సెట్టింగును ఒక పద్ధతికి తెచ్చాను. చివరి కూర్పులో మారిన ప్రతి పేరాకూ పేజీ అంచున ఒక నిలువు గీత రావాలి. అంతకు ముందటి మార్పులకు గీతలు ఉండకూడదు. ఉంటే పేజీ అంతా గీతలే అయి ఏది కొత్తదో తెలియకుండా పోతుంది. కానీ మొదటి పేజీలోని సవరణల పట్టికలో మాత్రం ప్రతి మార్పూ, దాని కారణమూ మొదటి నుంచీ ఉండాలి. గీత రేపటికి పోతుంది, పట్టికలోని వరుస పోదు. ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ఇదే చెప్పాను: గీత ఎక్కడ ఉందో అక్కడ చూడండి.

వాళ్ళు నా మాట విన్నారు, నేను అనుకున్న దానికన్నా బాగానే విన్నారు. పంపు గదిలో ప్యానెల్ బోర్డు పక్కన, మేకుకు వేలాడే రింగు ఫైలులో మాన్యువల్ ఉంటుంది. కొత్త కూర్పు బస్సు పార్సిల్‌లో వస్తుంది. వచ్చిన రోజున ఆపరేటరు ఒక్కొక్క పేజీ తిప్పి చూస్తాడు. గీత ఉన్న పేజీని తీసి పాతదాని స్థానంలో పెడతాడు. గీత లేని కొత్త పేజీలను పక్కన పెడతాడు. ఎందుకంటే ఫైలులో ఉన్న పాత పేజీ మీద అతని సొంత గుర్తులు ఉంటాయి: ఏ వాల్వు చక్రం బిగుసుకుపోతుందో, ఏ మీటరు ఎక్కువ చూపిస్తుందో, కరెంటు ఆఫీసులో ఎవరికి ఫోను చేయాలో అన్నీ పెన్నుతో రాసిపెట్టుకొని ఉంటాడు. మారని పేజీ కోసం ఆ గుర్తులను ఎందుకు పారేసుకోవాలి? అలా మిగిలిన కొత్త కాగితాలు ఊళ్ళోని మిరపకాయ బజ్జీల బండికి చేరుతాయి.

ఈ అలవాటును నేను తనిఖీలలో గమనించాను. అభ్యంతరపెట్టలేదు. గీత అబద్ధం చెప్పనంతకాలం గీతను నమ్మిన మనిషిది తప్పు కాదు.

కడపలో మా కార్యనిర్వహణ విభాగానికి పెద్ద నా పూర్వ విద్యార్థి. తెలివైనవాడు, కష్టపడేవాడు, లెక్కను చెరిపి రాసే అలవాటు మాత్రం చివరి దాకా మానలేదు. పోయిన ఏడు అతడు నాకు ఫోను చేసి, సవరణల పట్టికనూ అంచు గీతలనూ తీసేద్దామన్నాడు.

"మనకు బిల్లులిచ్చే నీళ్ళ డిపార్టుమెంటు వాళ్ళు ఫస్టు పేజీ తెరిచి పట్టిక చూస్తాండారు మేడం. ఇన్నిసార్లు మార్చినారంటే ఇన్ని తప్పులు చేసినారనే గదా అంటాండారు. బిల్లు కాడ నిలబెట్టి అడుగుతాండారు. వేరే కంపెనీల మాన్యువళ్ళు సూడండి, అద్దం మాదిరి ఉంటాయి."

"అద్దంలో చూసేవాడి మొహం తప్ప ఏమీ కనబడదు నాయనా."

"పెండ్లి చూపులకు పోతా ఎవరన్నా పాత జబ్బుల చీటీలు తీసుకపోతారా మేడం?"

"పెళ్ళి చూపులకు పోరు. ఆసుపత్రికి తప్పకుండా తీసుకుపోతారు. మన మాన్యువల్ ఎక్కడికి పోతున్నదో నీవే చెప్పు."

అతడు నవ్వాడు. నేను నవ్వలేదు. లిఖితపూర్వకంగా నా అభ్యంతరాన్ని పంపాను. అతడు లిఖితపూర్వకంగా, గౌరవంగా తోసిపుచ్చాడు. ప్రచురణ సెట్టింగు మీద చివరి అధికారం అతనిది. ఆ తరువాత వెలువడిన కూర్పులో పట్టిక లేదు, గీతలు లేవు. ఇదేమీ చాటుగా జరిగింది కాదు. ఆఫీసులో అందరికీ తెలుసు. పంపు గదులలో ఉన్నవారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కోడుమూరు వైపు ఉన్న ఒక పంపు గదికి ఆ కూర్పులోనే పెద్ద మార్పు ఒకటి ఉంది. అక్కడి గొట్టాన్ని కొత్తగా ఒక గుట్ట మీది ట్యాంకు దాకా పొడిగించారు. ఇంతకు ముందు గొట్టం చదును నేల మీద ఉన్నప్పుడు, కరెంటు పోయి వస్తే నేరుగా మోటారు వేసేవారు. ఇప్పుడు గొట్టం గుట్ట ఎక్కింది కనుక, నీరు దిగిపోయిన ఖాళీలో గాలి చేరుతుంది. ముందు డెలివరీ వాల్వు మూయాలి, ఎయిర్ వాల్వు తెరిచి గాలి పోనివ్వాలి, ఆ తరువాతే మోటారు వేసి నీటిని మెల్లగా వదలాలి. లేకపోతే నీరు గాలిని తోసుకుంటూ పోయి జాయింట్లను కొడుతుంది. ఈ క్రమాన్ని నేనే రాశాను. పెద్ద అక్షరాల హెచ్చరికతో రాశాను. ఆ పేజీ గీత లేకుండా వెళ్ళింది.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆపరేటరు ఎప్పటిలాగా మోటారు వేశాడు. గుట్ట కింద, కంది కోసిన చేనులో గొట్టం జాయింటు దగ్గర పగిలింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గొట్టం మీద ఆధారపడిన ఊళ్ళకు నీళ్ళు ఆగిపోయాయి. ట్యాంకర్లు తిరిగాయి, బిందెల వరుసలు రోడ్డు దాకా వచ్చాయి, తిట్లన్నీ పంపు గది తలుపు దగ్గర చేరాయి.

వారం తిరగకముందే ఆపరేటరుకు మెమో వచ్చింది. కొత్త కూర్పు నీకు అందింది, అందినట్లు సంతకం చేశావు, అందులోని క్రమాన్ని ఉల్లంఘించావు, నిన్ను పని నుంచి ఎందుకు తొలగించకూడదో చెప్పుము అని. నాకు కడప నుంచి ఇంకొక కాగితం వచ్చింది. "కొత్త కూర్పు యథావిధిగా పంపబడినది" అన్న వాక్యం కింద నేను సంతకం పెట్టి, మాన్యువల్ ప్రతి ఒకటి జతచేసి విచారణకు పంపాలట.

ఆ కాగితాన్ని బల్ల మీదే ఉంచి నేను కోడుమూరు బస్సెక్కాను.

పంపు గదిలో ఆపరేటర్లు ఇద్దరూ ఉన్నారు. మెమో అందుకున్న మనిషి నడివయసు సాయిబు. తండ్రి కాలం నుంచీ మోటార్ల పనే. రెండో ఆపరేటరు పక్క ఊరి క్రైస్తవుడు. శుక్రవారం మధ్యాహ్నం ఇతని పని అతడు చూస్తాడు, ఆదివారం పొద్దున అతని పని ఇతడు చూస్తాడు. ఆ ఏర్పాటు కంపెనీ చేసింది కాదు, వాళ్ళకై వాళ్ళు చేసుకున్నది, ఏనాడూ తప్పలేదు.

"రండి మేడం. పగిలిన పైపును సూడనీకె వచ్చినారా, పగలగొట్టినోన్ని సూడనీకె వచ్చినారా?" అన్నాడు ఆపరేటరు. నవ్వబోయాడు కానీ మొహం సహకరించలేదు.

"ఫైలు చూడటానికి వచ్చాను."

"నేను జెప్పలే?" అన్నాడు రెండోవాడు. "మేడంకు మనిసి కంటే ఫైలు మీదే ప్రేమ ఎక్కువ."

ఫైలు తీసి చూశాను. కరెంటు తిరిగి వచ్చిన తరువాత చేయవలసిన పనుల పేజీ పాతదే. దాని అంచులో పెన్నుతో రాసిన గుర్తులు, నూనె వేలిముద్రలు.

"కొత్త పేజీ ఏది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"యాడుందో జెప్తే కోప్పడతారు," అన్నాడు రెండోవాడు. "బస్టాండు కాడ బజ్జీలు తిన్నోళ్ళ చేతుల్లో ఉండాది మేడం. హెచ్చరిక మీద మిరపకాయ బజ్జి పెట్టుకోని తిన్నారు జనాలు."

"నువ్వు మూసుకోప్పా," అని ఆపరేటరు అతన్ని కసిరి నా వైపు తిరిగాడు. "మేడం, ఆ పార్సిలు వచ్చినప్పుడు నేను మొదటి నుంచి సివరి దాకా ఒక్కో పేజీ తిప్పినా. యాడా గీత లేదు. మొదట్లో పట్టిక గూడా లేదు. ఈసారి ఏమీ మారలేదు, ఊరికే రంగు మార్చి పంపినారు అనుకున్యా. గీత యాడుంటే ఆడ జూడమని మీరే గదా చెప్పినారు."

"చెప్పాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను."

"ఇప్పుడు నువ్వు సదవలేదంటాండారు. నేను సదవని మనిసినా? గీత ఉంటే సదవనా?" అతని గొంతు పెరిగింది. "మా ఇంటామె ఊళ్ళో కొళాయి కాడికి పోతాంటే ఆడోళ్ళు అంటాండారంట, నీ మొగుడు నిద్దరబోయినాడు, మా నీళ్ళు బోయినాయి అని. పని బోతే ఇంకోటి సూసుకుంటా మేడం. నిద్దరబోయినాడంటే ఎట్ల ఊరుకోవాల?"

నేను ఓదార్చే మాటలేవీ చెప్పలేదు. అది నాకు చేతకాదు. అక్కడ దాని అవసరమూ లేదు. ఆ పాత పేజీని ఫైలులోనే ఉంచి ఫోటో తీసుకున్నాను. విచారణకు ఎప్పుడు రమ్మన్నారో అడిగాను. "నేనూ వస్తాను," అన్నాను.

విచారణ కడపలో. కర్నూలు నుంచి తెల్లవారే బస్సులో బయలుదేరితే, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి కడప చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆఫీసులో నాపరాళ్ళ నేల చల్లగా ఉంది. లోపలి మనుషులు మాత్రం చల్లగా లేరు. నా పూర్వ విద్యార్థి ముందు నన్ను ఒంటరిగా తన గదికి పిలిపించాడు.

"కూర్చోండి మేడం. నీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు లేని ఊళ్ళ సంగతి మాట్లాడి తాగుతాను."

అతడు ఆ కాగితానికి ఇంకొక ప్రతిని నా ముందుకు తోశాడు. యథావిధిగా పంపబడినది అన్న ఆ వాక్యం కింద నా పేరు అచ్చుకొట్టి ఉంది, పైన ఖాళీ.

"ఒక్క సంతకం. ఆయప్ప మీద కోపం ఉండి కాదు నేను అడిగేది. పైపుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాల గదా."

"యథావిధి అంటే ఇన్నేళ్ళుగా మనం పంపిన తీరు. ఈసారి ఆ తీరున పంపలేదు. నేను పెట్టను."

"దొంగతనం చేసినట్ల మాట్లాడద్దండి మేడం. నేను ఒక్క అక్షరం మార్చలేదు. మీరు రాసింది రాసినట్లే పోయింది. గీతలు కనపడకుండా చేసినా, అంతే."

"అంతే అంటున్నావు. రోడ్డు మీద గుంత తవ్వి, గుంతను నేను దాచలేదు, ఎర్ర దీపం మాత్రమే ఆర్పాను అన్నట్లుంది."

అతడు మెల్లగా, నిజంగా బాధతోనే అన్నాడు: "నా మీదికి వస్తాది మేడం."

"రానీ. నీవు మోయగలవు. జీతమూ హోదా అందుకే ఇచ్చారు. అతని మీదికి ఎందుకు పోవాలి?"

విచారణ గదిలో కమిటీ పెద్దగా ఒక విశ్రాంత ఇంజనీరు కూర్చున్నాడు. తెల్ల చొక్కా, మితభాషి. ఆపరేటరు నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను నా పక్క కుర్చీని లాగి చూపించాను. కూర్చున్నాడు.

నా వంతు వచ్చినప్పుడు నేను ప్రసంగం చేయలేదు. గోడ మీది తెర పైన మాన్యువల్‌ను, పంపు గదికి వెళ్ళిన తీరులోనే తెరిచాను. ఆ పేజీకి వచ్చి ఆగాను.

"ఇందులో ఏది మారిందో దయచేసి చూపించండి," అన్నాను పెద్దాయనతో.

ఆయన కళ్ళజోడు సర్దుకొని చదివాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. "పాతది పక్కన పెట్టుకోకుండా ఎట్ల చెప్పేది?" అన్నాడు.

"చెప్పలేము. ఎవరూ చెప్పలేరు." సెట్టింగు మార్చాను. అదే పేజీ, అవే అక్షరాలు. అంచున నిలువుగా గీత వచ్చి నిలిచింది. మొదటి పేజీకి పోతే పట్టికా ఉంది, కారణమూ ఉంది. "ఇది నేను ఈరోజు చేర్చింది కాదు. పత్రంలో ఉన్నదే. చూపవద్దన్నాము కనుక కనబడలేదు. ఇతనికి నేను చెప్పిన పద్ధతి గీతను చూసి పేజీ మార్చమని. ఇతడు పద్ధతి తప్పలేదు. మనం తప్పాము."

పెద్దాయన నా పూర్వ విద్యార్థి వైపు చూశాడు. "చూపద్దని చెప్పింది?"

"నేనే సార్," అన్నాడతడు. తప్పించుకోనందుకు మనసులో అతనికి కొన్ని మార్కులు వేశాను.

ఆ తరువాత వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి ఒక రాజీని మా ముందు పెట్టారు. మెమో వెనక్కు తీసుకుంటారు. ఆపరేటరును మానవతా దృష్టితో క్షమించినట్లు ఉత్తర్వు ఇస్తారు. నేను కొత్త కూర్పు వెంటనే తయారుచేయాలి. గీతలు, పట్టిక ఈసారికి ఉండవచ్చు. అయితే గొట్టం పగిలిన సంగతి పట్టికలో రాకూడదు. కారణం అన్న చోట "భాషాపరమైన చిన్న సవరణలు" అని వేయాలి.

నేను ఆపరేటరు వైపు చూశాను. అతనికి ఇల్లు ఉంది, పిల్లల చదువులు ఉన్నాయి. నా నియమాల కోసం అతని అన్నాన్ని పణంగా పెట్టే హక్కు నాకు లేదు. అతడు తల ఊపితే నేను బయటికి వచ్చి నా రాజీనామా రాసుకొనేదాన్నే తప్ప, అక్కడ ఇంకొక మాట అనేదాన్ని కాదు.

అతడు లేచి నిలబడ్డాడు.

"క్షమించేదానికి నేనేం జేసినా సార్?"

"ఏమప్పా," అన్నాడు నా పూర్వ విద్యార్థి, "పని పోకుండా జేస్తాండాం గదా. నీకు పని కావాల్నా, మాట కావాల్నా?"

"రెండూ నావే గదా సార్. ఒకటి ఇచ్చి ఒకటి పట్టుకుంటామంటే ఎట్ల?" అతడు పెద్దాయన వైపు తిరిగాడు. "దయ వద్దు సార్ నాకు. దయ జూపిచ్చినోళ్ళు దాన్ని జోబీలో పెట్టుకోని తిరుగుతారు, కావాల్సినప్పుడు బయటికి తీస్తారు. నా తప్పు ఉంటే పీకేయండి, పోతా. లేకుంటే లేదని రాయండి."

పెద్దాయన అతన్ని కాసేపు బయట కూర్చోమన్నాడు. అతడు వెళ్ళాడు. తలుపు దగ్గర ఆగి నా వైపు ఒక చూపు చూశాడు. అది వేడుకోలు కాదు, అప్పగింత.

నేను ఎవరి అనుమతీ అడగలేదు. తెర మీదే పట్టికను తెరిచి, అందరూ చూస్తుండగా కొత్త వరుస టైపు చేశాను. కరెంటు పోయి వచ్చిన తరువాత పంపు నడిపే క్రమం గత కూర్పులో మారింది. ఆ మార్పు పక్కన గీత చూపలేదు. పంపు గదిలో పాత పేజీ అమలులో ఉండగా గొట్టం పగిలింది. ఆపరేటరు తనకు నేర్పిన పద్ధతినే అనుసరించాడు. ఈ కూర్పులో గీతలను పునరుద్ధరించాము.

"నాలుగో ముక్క తీసేయండి మేడం," అన్నాడు నా పూర్వ విద్యార్థి. "మాన్యువల్‌లో మనిసి సంగతి ఎందుకు? పైపు సంగతి, గీత సంగతి ఉంటే సాలదా?"

"గీతను నమ్మి పేజీ మార్చేది మనిషి. అతని సంగతి లేకపోతే, రేపు ఇది చదివేవాడు ఆపరేటరు నిద్రపోయాడనే అనుకుంటాడు. ఊళ్ళో అప్పుడే అనుకుంటున్నారు."

"డిపార్టుమెంటు వాళ్ళు చదువుతారు."

"వాళ్ళు చదవాలనే రాశాను."

"నేను సంతకం పెట్టిన కొత్త కూర్పు చేరేదాకా లైను పూర్తిగా వదలద్దని ఆర్డరు ఉండాది. మీకు దెల్సు. జనాలు ట్యాంకర్ల కాడ కొట్టుకుంటాండారు. మీరు ఒక్క వాక్యం కోసం నీళ్ళు ఆపుతాండారు మేడం."

ఆ మాట నాకు తగిలింది. తగలలేదని చెప్పను. ఆ బిందెల వరుసను నేను కళ్ళతో చూసి వచ్చాను. అయినా చేయి వెనక్కు తీయలేదు.

"నేను రాయడం అయిపోయింది," అన్నాను. "ప్రింటు తీస్తాను. ఇక కలం నీ చేతిలో ఉంది. నీళ్ళు ఆగితే ఆ కలం దగ్గరే ఆగాలి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నేను చదివినంతలో ఇందులో అబద్ధం లేదు," అన్నాడు. అంతకు మించి ఆయన ఏ పక్షానా మాట్లాడలేదు. మెమో రద్దు ఉత్తర్వును తన ముందుకు తెప్పించుకొని, "క్షమించి" అన్న మాట మీద ఒకే గీత గీసి, పక్కన "తప్పు లేనందున" అని రాసి, పొడి అక్షరాలు పెట్టాడు.

ప్రింటు వచ్చింది. నా పూర్వ విద్యార్థి మొదటి పేజీని చాలాసేపు చూశాడు.

"పట్టికలో ఈ వరుస ఎన్నాళ్ళు ఉంటాది మేడం?"

"ఆ పంపు ఉన్నన్నాళ్ళు."

"గీత మాదిరి వచ్చే కూర్పుకు పోదా?"

"పోదు."

కలం తీశాడు. సంతకం పెడుతూనే, తల ఎత్తకుండా అన్నాడు: "మీ కాంట్రాక్టు వచ్చే మార్చి నెల దాకానే మేడం. పొడిగిచ్చేది నా చేతిలో లేకపోవచ్చు."

"తెలుసు. మార్చి లోపల ఇంకా చాలా పంపు గదుల మాన్యువళ్ళు ఉన్నాయి. అన్నింటికీ గీతలు తిరిగి వేసి పోతాను. నా తరువాత వచ్చినవాళ్ళు తీసేస్తే, ఎందుకు తీసేశారో పట్టికలో కారణం రాయవలసి వస్తుంది. ఏం రాస్తారో నేనూ చూస్తాను."

అతడు కాగితాలను సర్ది, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. నేను నీళ్ళు అడిగి తాగాను.

ఆపరేటరు కింద, ఆఫీసు మెట్ల పక్క నీడలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎదురు రాలేదు.

"రాసినారా?"

"రాశాను. నీ తప్పు లేదని ఉత్తర్వు కూడా ఇచ్చారు."

"మాన్యువల్ మీద సంతకం పెట్టినాడా ఆయప్ప?"

"పెట్టాడు."

"ఏదీ, సూపియ్యండి."

నా మాట చాలదా అని నేను అడగలేదు. కాగితాలు ఇచ్చాను. అతడు ముందు ఉత్తర్వు చదివాడు. కొట్టివేత కింద ఏముందో వెలుతురుకు ఎత్తి చూశాడు. తరువాత మొదటి పేజీలోని పట్టికలో ఆ వరుస మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చివరి మాట దాకా వెళ్ళాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆ వేలు "ఆపరేటరు" అన్న చోట కొంచెం ఆగింది.

"ఇంగా యాడ్యాడ మారినాయి?"

"గీత ఉన్నచోటల్లా."

"ఉండండి మేడం," అని అతడు మెట్టు మీద కూర్చొని, మొత్తం కట్టను ఒళ్ళో పెట్టుకొని, మొదటి పేజీ తిప్పాడు. అంచు వెంట బొటనవేలు జరుపుతూ, గీత తగిలిన ప్రతిచోటా ఆగి, ఆ పేరా పూర్తిగా చదివి, అప్పుడే ముందుకు పోతున్నాడు.

కర్నూలు బస్సు వేళ దాటిపోయింది. నేను అతన్ని తొందరపెట్టలేదు.